జీడిపండు వైనూ, నలుగురు త్యాగమూర్తులూ

మా పలాస పక్క తోటల్లో నలుగురు ఫ్రెండ్స్ కలిసి వైనరీ పెట్టారు. బెంగళూర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వదిలేసి మరీ పెట్టారు. మనం మర్చిపోదామన్నా మర్చిపోనివ్వరు, వీడియోలో ఓసారి, సీసా లేబుల్ మీద ఓసారి, మంచినీళ్లు ఇచ్చే ముందు ఓసారి చెప్తారు. "అన్నీ వదులుకుని వచ్చాం అంకుల్" అన్నాడొకడు. ఏటేటి వదులుకున్నారు బాబూ అంటే కాసేపు ఆలోచించి, ట్రాఫిక్ అన్నాడు.

వైన్ జీడిమామిడి పండుతో. మనం పిక్క తీసుకుని పండు చెట్టు కిందే పడేస్తాం కదా, అదన్నమాట. ఆలోచన మంచిదే, కాదన్ను. గోవా వాళ్లు ఎప్పట్నుంచో ఆ పండుతో ఫెనీ అనే సారా చేస్తున్నారు, ఇది మా ఊరి సరుకే అని గుర్తింపునిచ్చే జీఐ ట్యాగ్ కూడా 2009లో తెచ్చుకున్నారు. మనోళ్లు దీన్ని ఆంధ్రా ఫెనీ అంటున్నారు. ఫెనీ బట్టీ పెట్టి కాచేది, ఇది ఊరబెట్టి వడకట్టేది, కానీ త్యాగం చేసినోళ్లకి ఎవడు చెప్తాడు?

టేస్టింగ్ చూడాలి మీరు. చెట్ల కింద తెల్లగుడ్డ కప్పిన బల్లలు, వైజాగ్ నుంచి కార్లలో వచ్చిన జనం. ముందు రంగు చూడాలంట, తర్వాత గ్లాసు తిప్పాలంట, తర్వాత ముక్కు లోపల పెట్టాలంట, తాగడం ఎప్పుడో తెలీదు. టోపీ పెట్టుకున్నాయన కళ్లు మూసుకుని "తొలకరి వాన... పాత పుస్తకాలు..." అంటున్నాడు, పక్కావిడ "ఎక్కడో కొంచెం తోలు" అంది, అందరూ తలలూపేరు. ఈలోగా పిక్కలేరుకుంటున్న ముసలమ్మ బుట్ట దించి, "ఏటి బాబూ అంతలా వాసన సూస్తన్నారు, పులిసిపోనాదేటి?" అంది. ఒక్కడూ మాట్లాడలేదు. మన త్యాగమూర్తి తేరుకుని, "అమ్మ ఫర్మెంటేషన్ గురించి చెప్తున్నారు, తరతరాల నాలెడ్జ్" అన్నాడు. చప్పట్లు! ఆమెకి గ్లాసిచ్చి ఫొటో తీశారు, ఇప్పుడు పోస్టర్ మీద ఆమే. డబ్బులేమైనా ఇచ్చారా అనడిగితే, గ్లాసు కూడా తిరిగి తీసేసుకున్నారంట.

దీనికి పేపర్లో అరపేజీ వ్యాసం, కెరీర్ మార్చుకున్న ధీరులని. ఒరే నాయనా, ఈ జిల్లాలో కెరీర్ మార్చనోడు ఎవడ్రా? 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి తెల్లారేసరికి కొబ్బరీ జీడీ కూకటివేళ్లతో లేపేస్తే, ముందురోజు దాకా తోటకి ఆసామి అయినోడు హైదరాబాద్ వెళ్లి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చున్నాడు, వాడి ధైర్యం మీద ఒక్క ముక్క రాసేరా? ఇక్కడ గిట్టుబాటు కాక గుజరాత్‌లో వేరావల్ వెళ్లి చేపల బోట్లెక్కిన మనోళ్లు ఆ నవంబర్లోనే పాకిస్తాన్ వాళ్లకి దొరికి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. వాళ్ల పెళ్లాలు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే ఏ టోపీవాలా వచ్చి చప్పట్లు కొట్టలేదు. పలాసలో పిక్కలు ఒలిచే ఆడోళ్ల వేళ్లు జీడినూనెకి నల్లబడి తోలూడిపోతాయి, "కొంచెం తోలు" వాసన కావాలంటే అక్కడికెళ్లి చూడండమ్మా! ఇదే పండు మా ఊరి గుంటడు రెండు డ్రమ్ముల్లో ఊరబెడితే ఎక్సైజోళ్లొచ్చి ఊట పారబోసి ఫొటో దిగుతారు, వాడు ముద్దాయి, వీళ్లు ఫౌండర్లు.

వ్యాపారం ఎలా ఉంది బాబూ అనడిగేను మొన్న. పర్లేదు అంకుల్, ఇంకో ఏడాది చూస్తాం అన్నాడు. తర్వాతో అంటే, పాత మేనేజర్ టచ్‌లోనే ఉన్నాడంట, సీటు ఖాళీగానే ఉంచాడంట.