ట్రయల్ కుర్రోడు పెట్టిన ఇడ్లీకి బిల్లు ఎంత?

మా అక్క కొడుకు డిగ్రీ రెండో ఏడు. సెలవుల్లో ఖాళీగా ఉండటం ఎందుకని కర్నూల్లో ఒక హోటల్‌కి వెళ్ళి పని అడిగాడు. బయట "సప్లయర్లు, క్లీనర్లు కావలెను" అని బోర్డు ఉంది. "ఒక వారం ట్రయల్ చెయ్ అబ్బీ, పని చూసి జీతం మాట్లాడుకుందాం" అన్నాడట కౌంటర్ మీదాయన. హోటల్ పేరు చెప్పను. ఇలాంటిది ఆ ఒక్కటే అయితే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు.

పొద్దున ఆరుకి వెళ్తే పదకొండున్నరకి వదిలేవాళ్ళు. మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా. మూడో రోజు ఇంటికొచ్చి చేతులు చూపించాడు. సబ్బు నీళ్ళలో నాని వేళ్ళ సందులన్నీ పగిలిపోయాయి. అక్క కొబ్బరినూనె రాస్తూ ఏమీ అనలేదు, నా వైపు చూసింది అంతే. ఏడో రోజు ఆదివారం, రాత్రి దాకా రష్షు. షట్టర్ దించాక "నీకు స్పీడ్ లేదు, అవసరమైతే ఫోన్ చేస్తాం" అని పైసా ఇవ్వకుండా పంపేశారు.

రెండు రోజుల తర్వాత కావాలనే అక్కడికి టీకి వెళ్ళాను. మావాడు వేసుకున్న నీలం టీషర్టే, భుజం మీద సాంబారు మరకతో సహా, ఇంకో పిల్లాడి ఒంటి మీద ఉంది. బోర్డు అలాగే ఉంది. ఎండకి అక్షరాలు వెలిసిపోయాయంటే ఎప్పట్నుంచి వేలాడుతోందో మీరే లెక్కేసుకోండి.

నా ప్రశ్న ఒక్కటే. వాడు మోసిన ప్లేట్లకి కస్టమర్ల దగ్గర ట్రయల్ రేటు తీసుకున్నారా? ఇడ్లీకి పూర్తి డబ్బులే కదా గల్లాలో పడింది!

ఓనర్ల బాధ నాకు తెలియంది కాదు. అడ్వాన్స్ తీసుకుని మూడో రోజు మాయమయ్యేవాళ్ళు ఉంటారు. కానీ సప్లయర్‌కి చురుకుందో లేదో తెలియడానికి వారం ఎందుకు? మూడు ప్లేట్లు చేతిలో పెట్టి నాలుగు టేబుళ్ళు తిప్పితే అరగంటలో తేలిపోతుంది. పని నేర్పుతున్నాం అంటారా, కడిగిన గిన్నె కడిగినట్టే కదా. అప్రెంటిస్ చట్టంలో కూడా స్టైపెండ్ ఇవ్వమనే ఉంది.

ఇదేదో కొత్తగా పుట్టిన హక్కు కాదు. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఏమందంటే, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే. తక్కువిస్తేనే అలా అన్నారు, అసలు ఇవ్వకపోతే? 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం పనివాణ్ణి తీసేసినా, వాడే మానేసినా బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. అందులో ట్రయల్ వాళ్ళకి మినహాయింపు ఎక్కడా లేదు.

వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి అడిగాను. "రెండు పూటలా భోజనం పెట్టాం కదా సార్" అన్నాడు కౌంటర్ మీదాయన. భోజనం అంటే ఏంటని తర్వాత వీణ్ణి అడిగితే, మధ్యాహ్నం మిగిలిన అన్నం, రాత్రి అడుగంటిన సాంబారు అన్నాడు. నేను ఇంకా వాదిస్తుంటే ఆయన గల్లా తీసి ఐదొందల నోటు టేబుల్ మీద పడేశాడు. వీడు దాన్ని ముట్టుకోలేదు. నాకు ఆ క్షణంలో వాడి మీద కొంచెం కోపం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఏడు రోజుల కష్టంలో ఆ మాత్రమైనా తీసుకోవచ్చుగా అనిపించింది.

కార్మిక శాఖ ఆఫీసులో ఇద్దామని అర్జీ రాశాను. తేదీలు, టైములు అన్నీ వాడే చెప్పాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కన పెట్టి, "వద్దులే మామా, ఇంకో హోటల్లో పని అడిగితే వీళ్ళకి ఫోన్ చేసి కనుక్కుంటారు" అన్నాడు.

ఆ కాగితం ఇంకా నా బండి డిక్కీలోనే ఉంది.