గ్యాస్ మాహాత్మ్యం

శరీర నిర్మాణ శాస్త్రం రాసిన పెద్దలు ఒక ఘోరమైన పొరపాటు చేశారు. పేగుల్లో పుట్టిన వాయువుకు రెండే దారులు చూపించి చేతులు దులుపుకున్నారు. ఒకటి త్రేన్పు, రెండోది నలుగురిలో పేరెత్తలేనిది. మన ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న పరిశోధన ప్రకారం గ్యాస్ నడుముకు పడుతుంది, వీపులోకి తన్నుతుంది, భుజానికి పాకుతుంది, తలకెక్కుతుంది. మా పెద్దత్తకు ఒకసారి మోకాలికి దిగింది. ఈ మార్గాలను పటంలో గీసే ధైర్యం ఇంతవరకూ ఏ వైద్య కళాశాలకూ రాలేదు.

మనిషి పేగుల్లో ఒక సమయంలో ఉండే గ్యాస్ సుమారు 200 మిల్లీలీటర్లు. అంటే మంచినీళ్ల గ్లాసెడు. ఈ గ్లాసెడు గాలి మీద మనం మోపిన నేరాలు వింటే దానికి వకాల్తా పుచ్చుకోవాలనిపిస్తుంది.

ఆ మధ్య బంధువుల గృహప్రవేశంలో ఈ విద్య ప్రయోగదశలో ఉండగా చూసే భాగ్యం కలిగింది. మా బాబాయి మూడో బూరెకు బొటనవేలితో చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుంటూ హఠాత్తుగా ఆగాడు. అరచెయ్యి మొత్తం రొమ్ము మీద పరిచి, "ఇక్కడేదో బండ పెట్టినట్టుంది" అన్నాడు. ఫ్యాను కిందే కూర్చున్నా జుబ్బా వీపుకు అతుక్కుపోయింది. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు.

క్షణంలో వైద్యమండలి సమావేశమైంది. పెద్దత్త వాము, ఉప్పు కలిపి నోట్లో పోసింది. ఒకాయన గోలీ సోడాకు మనిషిని పంపాడు. ఇంకొకాయన వీపు మీద గుద్దడం మొదలుపెట్టాడు. పిన్ని, "పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఖాళీ కడుపు, అందుకే గ్యాస్" అంది. వడ్డించిన కుర్రాడు, "లేదండీ, ఎక్కువ తిన్నారు, అందుకే గ్యాస్" అన్నాడు. రెండు వాదనలూ ఏకగ్రీవంగా నెగ్గాయి. తిన్నా గ్యాసే, తినకపోయినా గ్యాసే అయినప్పుడు ఈ సిద్ధాంతాన్ని కాదనగల మొనగాడెవడు?

ఇంటర్ బైపీసీ చదివే మేనకోడలు మాత్రం ఏదో గొణిగింది. గుండె అడుగుభాగం, ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డుతెరలా ఉండే ఉదరవితానం మీద ఆనుకుని ఉంటుందట, దాని కిందే జీర్ణాశయమట. రెండింటి నొప్పి కబుర్లూ వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి కాబట్టి ఏది ఎక్కడిదో మెదడుకే తేలదట. అందుకే ఈసీజీ తీయాలట. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీకెందుకే" అని దాన్ని వంటింట్లోకి పంపేశారు. బాబాయి మెదడుకే తేలని సంగతి పెద్దత్తకు తేలిపోయాక ఇక యంత్రమెందుకు? పైగా కడుపులో పులుపు పైకి ఎగదన్నితే "గుండెల్లో మంట" అంటాం. కడుపు నొప్పి గుండె పేరు వాడుకుంటున్నప్పుడు, గుండె నొప్పి కడుపు పేరు వాడుకోవడం కేవలం ఇచ్చిపుచ్చుకోవడమే.

ఇంతలో బాబాయి ఇల్లంతా వినబడేలా త్రేన్చాడు. హమ్మయ్య అన్నారందరూ. గుండె నిర్దోషిగా విడుదలైంది. రెండో బంతికి విస్తళ్లు వేశారు.

డాక్టర్లు ఇది చదివి నవ్వుకోనక్కర్లేదు. కడుపులో పుండ్లకు కారమూ దిగులూ కారణమని చాలాకాలం చెప్పింది వాళ్లే. 1984లో బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని గ్లాసులో కలుపుకుని తాగి, కొద్దిరోజుల్లో కడుపు వాచి వాంతులు చేసుకుంటే తప్ప లోకానికి అనుమానం రాలేదు. 2005లో ఆయనకూ, తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌కూ నోబెల్ ఇచ్చారు. మా ఇంట్లో ఆవకాయ మీద కేసు మాత్రం ఇప్పటికీ కొట్టేయలేదు.

గ్యాస్ మీద మనకింత మమకారం ఊరికే రాలేదు. పదిరూపాయల పొట్లంతో పోయే రోగం మరొకటి చూపించండి. గుండె జబ్బంటే మనిషి అప్పటికప్పుడు రోగి అయిపోతాడు. ఆరోగ్యశ్రీ కార్డు వెతకాలి, కొడుకు అమెరికా నుంచి టికెట్టు కొనాలి, ఆడపిల్ల సంబంధం వాళ్లు వెనకాడతారు. గ్యాస్ అంటే ఎవరూ వెనకాడరు. వియ్యంకుడికీ అదే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి నొప్పే లేకుండా చెమటగానో, ఆయాసంగానో వస్తుంది. దానికీ మన దగ్గర పేరుంది: నీరసం. నిమ్మకాయ నీళ్లిస్తాం.

గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే అరగంటలోపే కండరం చావడం మొదలవుతుంది. మా మండలి రెండు గంటలు కూర్చుంది. చివరికి మేనకోడలే పెరట్లోకి వెళ్లి ఎవరికీ చెప్పకుండా 108కి ఫోన్ చేసింది. బండి గుమ్మం ముందు ఆగితే, "శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే అంబులెన్సు పిలిచిందెవరు?" అని పెద్దత్త గట్టిగా విచారణ జరిపింది.

మూడోరోజు ఆసుపత్రికి వెళ్లాను. బాబాయి మంచం మీద ఒరిగి కూర్చుని, చూడవచ్చిన మిత్రుడికి తన కేసు వివరిస్తున్నాడు.

"మరేం లేదోయ్, గ్యాస్ గుండెకెక్కింది. రెండు స్టెంట్లు వేశారు."

మిత్రుడు తల పంకించి, తన ఎడమ భుజం రుద్దుకుంటూ, "నాకూ వారం నుంచి ఇదే గ్యాస్" అన్నాడు.