చెడ్డర్‌లో కిస్‌మిస్: ఒక జాతీయ పరిష్కారం

దేశంలో తెమలని సమస్యలు చాలా ఉన్నాయి. దీపావళి డ్రైఫ్రూట్స్ డబ్బా వాటిలో ఒకటి. దాన్ని ఎవరూ తినరు, ఎవరూ పారెయ్యరు. మూడో అంతస్తు నుంచి అయిదో అంతస్తుకి, అక్కణ్నుంచి వియ్యాలవారింటికి ప్రయాణిస్తూనే ఉంటుంది. మజిలీ మజిలీకీ పైన రిబ్బను మారుతుందంతే. రిటైరైన మా బావగారు దీనికి శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. ఇంట్లోనే చెడ్డర్ చీజ్ చేసి, ఆ పళ్లన్నీ అందులో కలిపెయ్యడం. ఇంతటి దూరదృష్టిని ప్రభుత్వాలు గుర్తించకపోవడం విచారకరం.

కిలో చీజ్‌కి దాదాపు 10 లీటర్ల పాలు కావాలి. పాలు విరిగితే మా అక్క ఇరవయ్యేళ్లుగా మాటపడుతున్న ఇల్లది. అదే వంటింట్లో బావగారు పాలు గోరువెచ్చ చేసి, తోడు పొడి చల్లి, పాలని గడ్డకట్టించే రెన్నెట్ చుక్కలు వేసి, ముప్పావుగంటకి గడ్డకట్టాయని ఫొటో తీశారు.

"నా చేతిలో విరిగినప్పుడు ఒక్క ఫొటో తీశారా మీరు?" అంది అక్క.

రెన్నెట్ అంటే ఏమిటని బావగారి అమ్మగారు అడిగారు. "పూర్వం దూడ పొట్టలోంచి తీసేవారమ్మా" అని బావగారు సగం చెప్పేసరికే ఆవిడ మడినీళ్ల చెంబు పక్కకి జరిపేసుకున్నారు. "ఇది అది కాదు, బూజు నుంచి తీసిన శాకాహారం" అని మిగతా సగం కూడా చెప్పాక పరిస్థితి విషమించింది.

అసలు కథంతా ఆ తర్వాతే. గడ్డని కోసి, కాచి, నీరు వార్చి, పలకలుగా చేసి ఒకదానిమీదొకటి పేర్చాలి. పావుగంటకోసారి తిరగెయ్యాలి. ఇలా రెండు గంటలు. దీన్నే చెడ్డరింగ్ అంటారు. ఉడికిన కోడిమాంసంలా పీచుపీచుగా వస్తే అయినట్టని పుస్తకాల్లో ఉంటుంది.

"మనకెలా తెలుస్తుందండీ? కింద పోర్షన్ వాళ్లని పిలవనా?" అని అక్క సహాయానికి వచ్చింది. నిపుణులని పిలవనవసరం లేదన్నారు బావగారు.

ఈ చీజ్ పుట్టిల్లు ఇంగ్లండులో సోమర్‌సెట్ ప్రాంతపు చెడ్డర్ ఊరు. 1170లో రెండో హెన్రీ రాజు 10,240 పౌండ్ల బరువు చెడ్డర్ కొన్నట్టు ఖజానా పద్దుల్లో ఉంది. డ్రైఫ్రూట్స్ లేకుండానే కొన్నాడు, పాపం. అక్కడ కొండగుహల్లో ఏడాది పొడుగునా ఒకటే చల్లదనం, చీజ్ దానంతటది ముగ్గుతుంది. హైదరాబాదులో గుహలు అద్దెకి దొరకవు గనక, బావగారు పాత ఫ్రిజ్‌ని 12 డిగ్రీల దగ్గర నిలబెట్టారు. కరెంటు బిల్లు మాత్రం కొండెక్కింది.

ఇక పళ్లు. ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో మామూలుగా ముందు చీజ్ తయారయ్యాక దాన్ని చిదిపి, పళ్లు కలిపి, మళ్లీ అదుముతారు. పళ్లలోని తీపీ తేమా పచ్చి చీజ్‌కి తగిలితే ఈస్ట్ లేచి గ్యాసు పుడుతుంది మరి. బావగారిది స్వతంత్ర మార్గం. ఉప్పు కలిపేటప్పుడే కిస్‌మిస్, అంజీర్, ఖర్జూరం గుప్పెళ్లతో పోసి, రుబ్బురోలు ఎత్తిపెట్టి, మర్నాడు మైనం పూశారు. మూడో వారానికి మైనం ఉబ్బింది. "ఊపిరి తీసుకుంటోంది" అన్నారాయన తండ్రి ప్రేమతో. ఆ వారమంతా అక్క ఫ్రిజ్ తలుపుని చీపురుకర్రతో తీసింది.

నచ్చని కానుక వెనక్కి వస్తే ఏం చెయ్యాలో విక్టోరియా రాణిని చూసి నేర్చుకోవాలి. ఆవిడ పెళ్లికని సోమర్‌సెట్‌లోని వెస్ట్ పెన్నార్డ్ రైతులు ఏడొందలకి పైగా ఆవుల పాలతో దాదాపు 1,100 పౌండ్ల బరువు చెడ్డర్ చేసి ఇచ్చారు. నలుగురికీ చూపిస్తామని మళ్లీ అడిగి పట్టుకెళ్లారు. ఊళ్లు తిరిగొచ్చాక తిరిగి ఇవ్వబోతే రాణిగారు పుచ్చుకోలేదట. మనకి అంత అధికారం ఎక్కడిది?

ఈ దీపావళికి బావగారు మా ఇంటికి ఒక పొట్లం తెచ్చారు. నాలుగు నెలలు ముగ్గిన ముక్క, పైన బంగారు రిబ్బను. కోసి చూశాం. మధ్యలో దారానికి గుచ్చిన అంజీర్ చక్రం, ఆ దారం ఎరుపు. అది పోయిన దీపావళికి మేమిచ్చిన డబ్బాలోది.

మా ఆవిడ రిబ్బను నలగకుండా విప్పి, మడిచి, అయిదో అంతస్తు వాళ్లు ఊళ్లో ఉన్నారేమో కనుక్కోమంది.