కుర్రాడి చెయ్యి, మా బావమరిది మార్కులు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు మా బావమరిది. పగలు సాఫ్ట్‌వేర్, సాయంత్రం జాతకాలు. పుట్టినవేళతో పనిలేదు, బంతి విసిరినవేళ చాలు. ఆ ఊరి బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్, మేజర్ లీగ్ అనే పైమెట్టు మీదున్న టెక్సాస్ రేంజర్స్‌కి రెండు మెట్ల కిందది. డబుల్-ఏ అంటారు. పైకెక్కాల్సిన కుర్రాళ్ళు ఇక్కడే పండాలి, లేదా రాలిపోవాలి. కుడివైపు కంచె వెనక కాలువలాంటి ఈతకొలనులో జనం ట్యూబులమీద తేలుతూ ఆట చూస్తుంటారు. అంతమంది హాయిగా తేలుతుంటే మావాడొక్కడే బంతి విసిరే కుర్రాడికి మార్కులేస్తూ నోట్‌బుక్కులో మునిగిపోయాడు.

"ఫాస్ట్‌బాల్ 60, స్లైడర్ 55, కంట్రోల్ 40, బావా. రేపటికి 50 అవ్వొచ్చు."

స్లైడరంటే పక్కకి జారే బంతి. కొత్త కుర్రాళ్ళని వెతికిపట్టే స్కౌట్ల తూకంలో 20కి తక్కువ లేదు, 80కి ఎక్కువ లేదు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. చెయ్యి ఉన్నందుకే 20! మా లెక్కల మాస్టారికి ఈ ధర్మబుద్ధి ఉండుంటే నేనూ ఇంజనీరునయ్యేవాణ్ణి. పైగా ఇవాళ్టికొక మార్కు, రేపటికొక మార్కు. పాతకాలం స్కౌట్లయితే "మొహం బాగుంది" అని కూడా చెప్పుకునేవారట. పెళ్ళిచూపుల్లో మా మేనత్త చెప్పేదీ అదే, ఆవిడకి జీతం ఇవ్వలేదంతే.

మా తాత సంతలో గిత్తను కొనేముందు పళ్ళు పట్టి చూసేవాడు, గిట్టలు తట్టేవాడు, ఒంటిమీద సుళ్ళు వెతికేవాడు. అంతేగానీ "దీని మూపురం ఇవాళ 45, ఎల్లుండికి 65" అని ఏనాడూ అనలేదు. ఆయనకి సిగ్గుండేది.

ఈ జ్యోతిష్యం ఫలించిన తీరు చూడండి. 1991లో, జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఏరుకునే డ్రాఫ్ట్‌లో, దేశం మొత్తంమీద మొదటివాడిగా ఎంపికైన బ్రయన్ టేలర్‌కి న్యూయార్క్ యాంకీస్ జట్టు 15.5 లక్షల డాలర్లు పోసింది. 1993లో ఓ కొట్లాటలో భుజం పోయింది, మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వెయ్యలేదు. 2013 మొదటివాడు మార్క్ అపెల్ ఆ గడప తొక్కేసరికి 2022 వచ్చింది, వయసు 30. జేకబ్ డిగ్రామ్‌ని 2010లో తొమ్మిదో రౌండు దాకా ఎవరూ అడగలేదు. మైనర్ లీగుల్లోనే మోచేతికి ఆపరేషనైంది. ఆ చేత్తోనే 2018, 2019ల్లో బంతి విసిరేవాళ్ళలో మేటికిచ్చే సై యంగ్ అవార్డులు వరసగా కొట్టి, చివరికి ఈ రేంజర్స్ గూటికే చేరాడు.

సరే, ఇంత నిక్కచ్చిగా తూచారు కదా, గడ్డెంత వేశారు? 2021కి ముందు డబుల్-ఏ కుర్రాడి కనీస జీతం వారానికి 350 డాలర్లు, అదీ సీజన్ నడిచిన నెలలకే. కనీస వేతనం అడుగుతారేమోనని 2018లో మేజర్ లీగ్ పెద్దలు ఏకంగా చట్టమే మార్పించుకున్నారు. దాని పేరు అమెరికా కాలక్షేపాన్ని కాపాడే చట్టమట! ఎవరినుంచి కాపాడతారయ్యా? చేసిన పనికి కూలడిగే ఇరవయ్యేళ్ళ పిల్లాడినుంచా? వాడి మోచేతి నరం మీకు ఆస్తి, వాడి ఆకలి మాత్రం మీకు కాలక్షేపం! 2022లో పిల్లలు యూనియన్‌లో చేరితేగానీ మరుసటేడాదికి డబుల్-ఏ కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లకి రాలేదు. ఆ పిసినారి బుద్ధికి ఎన్ని మార్కులో ఏ స్కౌటూ రాయలేదు.

మావాడికి ఇదేం పట్టలేదు. తెరమీద బంతి వేగం గంటకి 97 మైళ్ళని పడింది.

"ఏమంటావు బావా, పైకొస్తాడా?"

"మెడవెనక సుడి ఉందిరా. కలిసిరాదు."

వాడు పెన్ను తీశాడు. "సుడికి 20 నుంచి 80లో ఎంత వెయ్యమంటావు?"