సవరణ: క్లోమ క్యాన్సర్ ఆపరేషన్‌కు ‘పెద్ద ఆసుపత్రి’ అంటే

చిన్న ఆసుపత్రుల్లో క్లోమ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్నవారిలో నూటికి పదహారు మంది చనిపోతున్నారని, నల్లగొండ నుంచి హైదరాబాద్‌లోని ఏదైనా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలని గత వారం రాశాను. అది చదివిన మిర్యాలగూడ కుటుంబం ఒకటి పడకల సంఖ్య చూసి ఆసుపత్రిని ఎంచుకోబోయిందని తెలిసి, ఈ సవరణ రాస్తున్నాను.

ఆ లెక్క మన దగ్గరిది కాదు. 1994-99 మధ్య అమెరికాలో మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) కింద చికిత్స పొందిన వృద్ధులపై 2002లో వెలువడిన అధ్యయనంలోనిది. ఏడాదికి సగటున ఒక్క క్లోమ ఆపరేషన్ కూడా జరగని చోట మరణాలు 16.3 శాతం, పదహారుకు మించి జరిగేచోట 3.8 శాతం.

అంతకన్నా పెద్ద పొరపాటు ‘పెద్ద’ అన్న మాట. వెయ్యి పడకలున్నా విపుల్ ఆపరేషన్లు (క్లోమం తలభాగాన్ని తీసేసేవి) ఏడాదికి రెండే జరిగితే, ఈ విషయంలో అది చిన్న ఆసుపత్రే. కుట్టు దగ్గర లీకు కావడం వంటి చిక్కులు అన్నిచోట్లా వస్తాయి. అయితే అర్ధరాత్రి కడుపులోంచి ద్రవాన్ని బయటకు తీసే డ్రెయిన్ గొట్టంలో నెత్తురు కనబడగానే ప్రమాదాన్ని పసిగట్టే నర్సు, వెంటనే స్కాన్ తీయించి నెత్తురు కారుతున్న రక్తనాళాన్ని మూయించగల బృందం ఉన్నచోట రోగి బతికే అవకాశం ఎక్కువ. కాబట్టి “డాక్టరు గారూ, నిరుడు ఇక్కడ ఈ ఆపరేషన్ ఎంతమందికి చేశారు?” అని మొహమాటపడకుండా అడగండి.