పాత ఫైలు కిలో ఎంతండీ?

చదువుల నాణ్యత చూసి గ్రేడిచ్చే నాక్ కమిటీ వస్తోందంటే మన కాలేజీలకి, యూనివర్సిటీలకి ముందు గోడల రంగు గుర్తొస్తుంది, ఆ వెంటనే రికార్డ్ రూమ్. గోడలకి రంగేస్తారు, రికార్డ్ రూమ్ ఖాళీ చేస్తారు. మా గోదావరి జిల్లాల్లోనే ఒక విద్యాసంస్థలో (పేరెందుకులెండి) పాత ఫైళ్లన్నీ పురికొసతో కట్టి వరండాలో పడేశారు, తూకానికి. ఓ కట్ట పైన ఫైలు తెరిచి చూశాను. ఆడపిల్లల హాస్టల్‌కి ఓ పాత షెడ్డు ఇవ్వాలా వద్దా అన్న నోట్ ఫైలు. గుమాస్తా నీలం సిరాతో రెండు పేజీలు రాసి ఒప్పించబోతే, కింద ఆఫీసరుగారు ఆకుపచ్చ సిరాతో ఒకటే ముక్క: "మాట్లాడండి." మళ్లీ నీలం సిరా, మళ్లీ ఆకుపచ్చ. చదువుతుంటే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

మార్కుల రిజిస్టర్లకి ఏ ఢోకా లేదు. డూప్లికేట్ కావాలంటే జనం ఫీజు కడతారుగా! నిర్ణయాల కాగితాలకే దిక్కులేదు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉండగా ఆడపిల్లల్ని చేర్చుకున్నారని సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అలాంటి పనికి ఎవరు అడ్డం పడ్డారు, ఏమని వాదించారు, డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చారు అన్నది అప్పటి సమావేశాల మినిట్స్‌లోనే తెలుస్తుంది, దండలేసే ఉపన్యాసాల్లో కాదు.

మన డెల్టాకి ఇంకో తిప్పలుంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ 1873 నాటిది. అప్పట్లో పట్టా మద్రాసు యూనివర్సిటీది. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చాక దానిది. 2006లో నన్నయ యూనివర్సిటీ వచ్చాక ఇక్కడి డిగ్రీ కాలేజీలు దాని కిందకి వెళ్లాయి. తాతది ఒక పట్టా, తండ్రిది ఒకటి, మనవడిది ఇంకోటి, కాలేజీ మాత్రం అదే. ఆంధ్రా యూనివర్సిటీ కూడా ఒకచోట కుదురుగా ఉందా? బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరి, యుద్ధకాలంలో గుంటూరుకి మకాం మార్చి మళ్లీ వెనక్కొచ్చింది. ఇన్ని చోట్లకి చెదిరిన కథ వరసగా దొరికేది కాలేజీ సొంత రికార్డ్ రూమ్‌లోనే. మనం తూకానికేసేది కూడా దాన్నే.

పైగా ఆ గది ఎక్కడుంటుందో చూడండి: గ్రౌండ్ ఫ్లోర్‌లో, మెట్ల కింద, బాత్‌రూమ్ గోడ పక్కన. 1986 వరద, 1996 నవంబరు తుఫాను చూసిన నేల ఇది. చెమ్మ, చెద ఏడాది పొడుగునా ఉండేవే. పై అంతస్తులో ఒక గది ఇమ్మంటే "అది స్మార్ట్ క్లాస్‌రూమ్ అండీ" అంటారు.

"అన్నీ స్కాన్ చేసేశాం సార్" అనేవాళ్లని చూస్తే ఇంకా భయం నాకు. స్కాన్ 0001, స్కాన్ 0002 అని పేర్లు, సూచిక లేదు, సీడీ ఎవరి సొరుగులో ఉందో తెలీదు, అసలు కాగితం మాత్రం అప్పుడే తగలెట్టేశారు. సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 4 మొదట్లోనే చెప్పింది, రికార్డులన్నీ పట్టిక కట్టి, సూచికతో ఉంచాలని. యూనివర్సిటీలు దానికి అతీతం కాదు. అడిగితే వచ్చే జవాబు "సదరు ఫైలు లభ్యము కాలేదు."

అన్నీ దాచమనట్లేదు. కరెంటు బిల్లులు, సెలవు చీటీలు నిక్షేపంగా చింపెయ్యండి. నిజం చెప్పాలంటే ముప్పాతిక వంతు చెత్తే. ఏది చెత్తో తేల్చేది పాత పేపర్ల బండివాడు కాకూడదు, అంతే. రెవెన్యూ ఆఫీసుల్లో మద్రాసు కాలం నుంచీ ఫైలు మూసేటప్పుడే రాసేస్తారు: ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి, ఎల్.డిస్. అంటే కొన్నాళ్లే. మన రిజిస్ట్రార్ ఆఫీసులకి ఆ రెండక్షరాలు బరువయ్యాయా?

ఇప్పటి సంగతి మరీ ఘోరం. సగం నిర్ణయాలు వాట్సాప్ గ్రూపులో "ఓకే సార్" అన్న ముక్కతో తేలిపోతున్నాయి. రేపు చింపడానికైనా కాగితం ఉండదు.

రికార్డ్ అసిస్టెంట్ అని ఓ పోస్టుంది, తెలుసా? నేను చెప్పిన సంస్థలోనూ ఉంది, మనిషి కూడా ఉన్నాడు. పరీక్షల విభాగంలో కూర్చుని కవర్లంటిస్తున్నాడు. ముందు ఆయన్ని వెనక్కి పంపండి, గది సంగతి తర్వాత మాట్లాడదాం.