జ్వరానికి రెండు లెక్కలు
భీమవరం దగ్గరి రొయ్యల ప్లాంటులో నాకూ మా సూపర్‌వైజరు గారికీ ఒకే వారంలో జ్వరం వచ్చింది. ఆయనది నెల జీతం కనుక మూడు రోజులూ సెలవు కింద సర్దుబాటై పైసా తగ్గలేదు. నాది రోజు కూలీ కనుక మస్టరులో మూడు గైర్హాజర్లు పడి, ఆ కూలీ అంతా పోయింది.

ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంది కదా అంటారు. నా వేతనంలో నూటికి 75 పైసలు కోస్తూనే ఉన్నారు, కానీ అనారోగ్య భత్యం కింద మొదటి 2 రోజులకు సాధారణంగా ఏమీ ఇవ్వరు. ఆపైన మాత్రమే సగటు వేతనంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులకు మించకుండా. అంటే నా జ్వరానికి దక్కేది ఒక్క రోజు భత్యం, దాని కోసం సర్టిఫికెట్టుకు డిస్పెన్సరీ చుట్టూ తిరిగితే (పనివేళల్లోనే తిరగాలి మరి) ఇంకో రోజు కూలీ పోతుంది.

నాలుగో రోజున, ఒంట్లో నలత తగ్గకుండానే, మళ్లీ ఐసు నీళ్లలో చేతులు పెట్టాను.